లైటు వెలిగే కీబోర్డ్ కొనేముందు మీ ల్యాప్‌టాప్‌కి పడుతుందో లేదో ఎలా చూసుకోవాలి

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు: "అన్నా, మాటలు అర్థమైనాయి గానీ ఆ నంబర్ల సంగతి చెవిలో నిలవడం లేదు, రాసి పెట్టు." అడిగింది న్యాయమే. ఎపిసోడ్‌లో అన్న ప్రతి మాటా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది. ఇక్కడ మాత్రం అవసరమైన సంగతిని వరసగా పెడుతున్నా. దుకాణానికి పోయేటప్పుడు ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి.

ముందు అసలు ఇది ఎందుకంటే. నేనుండే బ్నీద్ అల్ గార్‌లో మనవాళ్లు ఎక్కువమంది షేరింగ్ గదుల్లోనే ఉంటారు. ఒకరు హోటల్ డ్యూటీ ముగించుకొని అర్ధరాత్రి వస్తారు, ఇంకొకరు తెల్లారి నాలుగింటికి లేచి బస్సు ఎక్కాలి. పది దాటితే గదిలో లైటు వేసే హక్కు ఎవరికీ ఉండదు. కానీ ఎక్సెల్ నేర్చుకునేవాడు, టాలీ నేర్చుకునేవాడు, ఊళ్లో పిల్లల ఫీజు ఆన్‌లైన్‌లో కట్టేవాడు, అందరికీ దొరికేది ఆ రాత్రి వేళే. చీకట్లో తాకుతూ టైపు చేస్తే పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు పడుతుంది. అందుకే "కీబోర్డ్‌లో లైటు వచ్చేలా మార్చుకోవచ్చా" అనే ప్రశ్న నాకు ఇంత తరచుగా వస్తుంది.

మార్చుకోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో కుదురుతుంది, కొన్నింటిలో అసలు కుదరదు. తేడా తెలియకుండా కొంటే డబ్బు పోతుంది. 2016లో కువైట్ ప్రభుత్వం ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. ఆ జీతంతో బతికే అక్కకో తమ్ముడికో ఒక కీబోర్డ్‌కి పది దీనార్లు అయిందనుకోండి, అది ఐదు రోజుల కష్టం. పడని పార్టు మీద ఐదు రోజుల కష్టం పోయిందంటే చిన్న విషయం కాదు. కాబట్టి ఈ వ్యాసం మొత్తానికి సారం ఒక్కటే: మోడల్ పేరు చూసి కొనొద్దు. నంబరు చూసి, లోపలి సాకెట్ చూసి, అప్పుడు డబ్బు తీయండి.

లైటు కీబోర్డ్‌లో అదనంగా ఏముంటుంది

మామూలు కీబోర్డ్ నుంచి ఒక పల్చటి రిబ్బన్ కేబుల్ వచ్చి మదర్‌బోర్డ్ మీద సాకెట్‌లో కూర్చుంటుంది. ఏ కీ నొక్కారో చెప్పడమే దాని పని. ట్రాక్‌పాయింట్, అంటే మధ్యలో ఎర్ర బుడిపె, ఉన్న కీబోర్డ్‌కైతే దాని రిబ్బన్ ఇంకొకటి ఉండొచ్చు.

లైటు కీబోర్డ్‌లో కీల కింద పల్చటి ప్లాస్టిక్ షీటు, దానికి వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. వాటికి కరెంటు కావాలి. ఎక్కువ మోడళ్లలో ఆ కరెంటు వేరే సన్న రిబ్బన్ ద్వారా వస్తుంది. ఇది మెయిన్ రిబ్బన్ కంటే చాలా సన్నగా, చాలాసార్లు నాలుగు పిన్నులతో ఉంటుంది. కొన్ని మోడళ్లలో మాత్రం వేరే రిబ్బన్ ఉండదు, మెయిన్ సాకెట్‌లోనే రెండు మూడు పిన్నులు లైటు కోసం కేటాయిస్తారు.

ఇది గుర్తుంటే మిగతాదంతా తేలిక. కీబోర్డ్ ఆకారం సరిపోవడం ఒక సంగతి, బోర్డు నుంచి లైటుకి కరెంటు రావడం వేరే సంగతి. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మోడల్ పేరుతో మోసపోవడం ఎలా ఉంటుందంటే

మన గదుల్లో ఎక్కువగా కనిపించేది కంపెనీలు వాడి అమ్మేసిన లెనోవో థింక్‌ప్యాడ్. అందులో టి480, 2018లో వచ్చింది. దాని తమ్ముడు టి480ఎస్, అదే ఏడాదిది, కొంచెం పల్చగా ఉంటుంది. రెండు కీబోర్డ్‌లనూ పక్కపక్కన పెడితే కీలు ఒకేలా ఉంటాయి, ఎర్ర బుడిపె ఒకేలా ఉంటుంది. కానీ ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. అదే టి480 కీబోర్డ్ మాత్రం అంతకు ముందు ఏడాది వచ్చిన టి470కి సరిగ్గా పడుతుంది. పేరు దగ్గరగా ఉన్నది పట్టలేదు, పేరు మారినది పట్టింది. చూశారా?

మా బిల్డింగ్‌లో ఒక తమ్ముడికి ఇదే జరిగింది. దుకాణంలో "ఫోర్ ఎయిటీ" అన్నాడు, వాళ్లు ఫోర్ ఎయిటీ అని ఒకటి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే "ఎస్"ది. ఆ ఒక్క అక్షరం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

లెనోవోలో ఈ గందరగోళం తప్పించుకోవడానికి ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ చూడండి. మెషీన్ టైప్ అని నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. టి480 అయితే 20ఎల్5 లేదా 20ఎల్6. టి480ఎస్ అయితే 20ఎల్7 లేదా 20ఎల్8. మూత మీద పేరు చెరిగిపోయినా, అమ్మినవాడు ఏం చెప్పినా, ఈ కోడ్ అబద్ధం చెప్పదు.

ఏ కంపెనీకి ఏ నంబరు

లెనోవో: కీబోర్డ్ వెనకాల లేబుల్ మీద ఎఫ్‌ఆర్‌యూ అనే మూడు ఇంగ్లీషు అక్షరాల పక్కన ఉన్న నంబరే పార్టు నంబరు. లెనోవో సపోర్ట్ సైట్‌లో మీ సీరియల్ నంబరు కొడితే మీ మెషీన్‌కి సరిపోయే పార్టుల జాబితా వస్తుంది. అందులో కీబోర్డ్‌లు భాషల వారీగా, లైటు ఉన్నవి లేనివి విడివిడిగా ఉంటాయి. ఒక చిన్న జాగ్రత్త: ఒకే కీబోర్డ్‌ని రెండు మూడు ఫ్యాక్టరీలు తయారు చేస్తాయి, ఒక్కోదానికి ఒక్కో ఎఫ్‌ఆర్‌యూ ఉంటుంది. కాబట్టి మీ పాత కీబోర్డ్ నంబరే కొత్తదానికి ఉండాలని లేదు. మీరు కొనబోయే నంబరు మీ మెషీన్ జాబితాలో ఉంటే చాలు.

హెచ్‌పీ: స్పేర్ పార్ట్ నంబరు అంటారు. ఆరు అక్షరాలు, ఒక గీత, తర్వాత మూడు అక్షరాలు. గీతకు ముందు భాగం కీబోర్డ్ ఏ రకమో చెబుతుంది, తర్వాతది ఏ దేశపు అక్షరాలో చెబుతుంది. 001 అంటే అమెరికా, 031 అంటే బ్రిటన్, 171 అంటే సౌదీ, అంటే అరబిక్ అక్షరాలు, డి61 అంటే ఇండియా. హెచ్‌పీ పార్ట్‌సర్ఫర్ అనే సైట్‌లో సీరియల్ నంబరు కొడితే మీ మెషీన్ పార్టులు చూపిస్తుంది. ప్రతి మోడల్‌కీ హెచ్‌పీ ఉచితంగా పెట్టే సర్వీస్ గైడ్ పీడీఎఫ్‌లో కూడా లైటున్నవి, లేనివి వేరు వేరు నంబర్లతో ఉంటాయి. ఆ గైడ్‌లో మీ మోడల్‌కి లైటు కీబోర్డ్ అనే వరసే లేకపోతే, ఆశ అక్కడే వదిలేయండి.

డెల్: అడుగున సర్వీస్ ట్యాగ్ అని ఏడు అక్షరాలు ఉంటాయి. డెల్ సపోర్ట్ సైట్‌లో అది కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో బయటికొచ్చిందో చూపిస్తుంది. మీ ల్యాప్‌టాప్ లైటు లేకుండా వచ్చిందా, లైటుతో వస్తే మధ్యలో ఎవరైనా మార్చేశారా అనేది కూడా ఇక్కడే బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్ మెషీన్లలో ఇది మామూలే. కీబోర్డ్ వెనకాల లేబుల్ మీద డీపీఎన్ అనే ఐదు అక్షరాల పార్టు నంబరు ఉంటుంది, దుకాణంలో అడగాల్సింది అది.

ఏసర్, ఆసుస్ లాంటి వాటికి ఇంత సులువైన జాబితా అన్ని మోడళ్లకూ దొరకదు. అక్కడ కీబోర్డ్ బయటికి తీసి వెనకాల నంబరు ఫోటో తీసుకోవడమే నమ్మకమైన దారి.

లోపల చూడాల్సిన చోటు

జాబితాలో లైటు కీబోర్డ్ ఉందంటే ఆ మోడల్‌కి కంపెనీ అలాంటిది తయారు చేసిందని అర్థం. మీ చేతిలో ఉన్న మదర్‌బోర్డ్‌లో ఆ ఏర్పాటు ఉందని మాత్రం కాదు. బిజినెస్ మోడళ్లలో సాధారణంగా ఉంటుంది. తక్కువ ధర ఇంటి మోడళ్లలో కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి ఆ సాకెట్ పెట్టకుండా వదిలేస్తాయి.

కాబట్టి ఒకసారి తెరిచి, లేదా తెలిసినవాళ్ల చేత తెరిపించి, కీబోర్డ్ మెయిన్ రిబ్బన్ కూర్చున్న చోటు పక్కన చూడండి. అక్కడ ఇంకో చిన్న సాకెట్ ఖాళీగా ఉంటే మంచి గుర్తు. సాకెట్ ఉండాల్సిన చోట మెరిసే చిన్న చిన్న టంకం చుక్కలు మాత్రమే వరసగా ఉంటే, బోర్డు డిజైన్‌లో చోటు ఉంది గానీ మీ మెషీన్‌లో పెట్టలేదని అర్థం. "సాకెట్ టంకం వేసి ఇస్తా" అని ఎవరైనా అంటే తొందరపడొద్దు. ఎల్‌ఈడీలకు కరెంటు అందించే చిన్న భాగాలు కూడా ఆ బోర్డు మీద పెట్టకపోయి ఉండొచ్చు. అలా అయితే సాకెట్ వేసినా లైటు రాదు, బోర్డుకి వేడి తగిలిందే మిగులుతుంది.

తెరవకుండా చూసే చిన్న గుర్తు ఒకటుంది. స్పేస్ బార్ మీదో, పైవరస ఎఫ్ కీల మీదో కాంతి బొమ్మ ఉందా అని చూడండి. కొన్ని కంపెనీలు లైటు లేని కీబోర్డ్ మీద ఆ బొమ్మ వేయవు, కాబట్టి బొమ్మ లేకపోయినంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. ఉన్నా లోపల చూడాల్సిందే.

సాకెట్‌లో దూరిందంటే సరిపోయినట్టేనా?

ఇది ఎపిసోడ్‌లో ఎక్కువమంది మళ్లీ అడిగిన విషయం. కాదు. దీనికి థింక్‌ప్యాడ్ లోకంలో బాగా తెలిసిన ఉదాహరణ ఉంది.

2011లో వచ్చిన ఎక్స్220 కీబోర్డ్ పాత పద్ధతిది, ఏడు వరసలు, లైటు లేదు. 2012 ఎక్స్230లో ఆరు వరసలు, లైటు ఆప్షన్ వచ్చింది. పాత కీబోర్డ్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు దాన్ని ఎక్స్230లో పెట్టడం మొదలుపెట్టారు. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ ఎక్స్230 ఆ సాకెట్‌లోనే లైటు కోసం కరెంటు పంపిస్తుంది, పాత కీబోర్డ్‌లో ఆ పిన్నులకు వేరే పని. షార్ట్ కాకుండా ఆ పిన్నుల మీద సన్నటి ఇన్సులేషన్ టేప్ వేసి మరీ బిగించాలి. పైగా కొన్ని కీలు సరిగ్గా పనిచేయాలంటే లోపలి సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలి.

మనం చేసేది దీనికి తిరగేసిన పని, లైటు లేని చోట లైటుది పెట్టడం. నేర్చుకోవాల్సింది మాత్రం అదే: పిన్నుల లెక్క కుదిరినా ఏ పిన్ను ఏం మోస్తుందో మనకు కనపడదు. అందుకే "పట్టింది కదా" అని కరెంటు ఇవ్వొద్దు. నంబరు జాబితాలో ఉంటేనే ఇవ్వండి.

ఆకారంలో చూడాల్సినవి

ఎంటర్ కీ: అడ్డంగా పొడుగ్గా ఉండేది అమెరికా పద్ధతి, ఇండియా మెషీన్లలో ఎక్కువగా ఇదే. నిలువుగా తిరగేసిన ఎల్ ఆకారంలో, ఎడమ షిఫ్ట్ పక్కన ఒక చిన్న కీ అదనంగా ఉండేది బ్రిటన్ పద్ధతి. కీబోర్డ్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ ఒక్కో కీకి ఒక్కో గడిలా ఉంటే, ఒక పద్ధతిది ఇంకొకదానిలో కూర్చోదు.

బుడిపె: డెల్ లాటిట్యూడ్‌లలో ఒకే మోడల్ రెండు రకాలుగా వస్తుంది, మధ్యలో బుడిపె ఉన్నది, లేనిది. టచ్‌ప్యాడ్ బటన్లూ, పై ఫ్రేమూ దాన్ని బట్టి మారతాయి. మీది ఏ రకమో అదే కొనండి.

బిగింపు: కొన్నింటిలో కీబోర్డ్ స్క్రూలు తీస్తే పైనుంచి వచ్చేస్తుంది. టి480 ఇలాంటిదే, ఇలాంటివి మార్చడం తేలిక. కొన్నింటిలో కీబోర్డ్‌ని పై కవర్‌కి కరిగించిన ప్లాస్టిక్ బొడిపెలతో అతికిస్తారు. డజన్ల కొద్దీ బొడిపెలు విరగ్గొట్టి, కొత్తది పెట్టి మళ్లీ కరిగించాలి. అలాంటివాటికి కీబోర్డ్ ఒక్కటే కాకుండా కవర్‌తో కలిపి వచ్చే మొత్తం సెట్ కొనడం మంచిది. ధర ఎక్కువవుతుంది. ఆ ధర తెలిశాక ఇంకా కావాలో వద్దో ఆలోచించుకోండి.

ఇంకో మాట. కీబోర్డ్ మధ్యలో ఉబ్బినట్టు ఉంటే అది కీబోర్డ్ తప్పు కాకపోవచ్చు. కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలా ఉంటే ముందు మెషీన్ ఆపేయండి, బ్యాటరీ సంగతి చూపించండి. కీబోర్డ్ తర్వాత.

అరబిక్ అక్షరాలు ఉంటే తెలుగు రాదా?

వస్తుంది. కీబోర్డ్‌కి అక్షరాలు తెలియవు. ఏ చోట కీ నొక్కారో మాత్రమే చెబుతుంది, దాన్ని తెలుగుగానో ఇంగ్లీషుగానో అరబిక్‌గానో మార్చేది విండోస్. అరబిక్, ఇంగ్లీషు రెండూ అచ్చేసిన కీబోర్డ్ మీద తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకొని హాయిగా రాసుకోవచ్చు. కాబట్టి ఇక్కడ అరబిక్‌ది తక్కువకు దొరికితే, ఆకారం, నంబరు కుదిరితే, తీసుకోండి.

లైటు కీబోర్డ్ మీద మాత్రం స్టిక్కర్లు అంటించొద్దు. లైటు బయటికొచ్చేది అక్షరం గుండానే. దాని మీద స్టిక్కర్ పడితే కీ చుట్టూ వెలుగు కనిపిస్తుంది, అక్షరం కనపడదు. అంత ఖర్చుపెట్టి మళ్లీ చీకట్లో తడుముకోవడమే.

దుకాణానికి పోయేటప్పుడు

కువైట్‌లో కంప్యూటర్ పార్టులకు హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధి పేరున్న చోటు. అల్ రాయ్‌లో శుక్రవారం సంత, అదే సూక్ అల్ జుమాలో పాత సామాను దొరుకుతుంది. ఎక్కడికి పోయినా ఈ నాలుగు ఫోన్‌లో ఉంచుకోండి:

1. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ ఫోటో.
2. పాత కీబోర్డ్ వెనకాల లేబుల్ ఫోటో.
3. లోపల సాకెట్ల ఫోటో, చిన్న సాకెట్ స్పష్టంగా కనపడేలా.
4. కంపెనీ జాబితాలో కనిపించిన లైటు కీబోర్డ్ నంబరు.

ఇచ్చిన కీబోర్డ్‌ని తిప్పి చూడండి. నంబరు కలవాలి. లైటు కోసం సన్న రిబ్బన్ వేరుగా ఉండాల్సిన మోడల్ అయితే అది ఉండాలి. కొన్ని కీబోర్డ్‌లకు కీల మీద అక్షరాలు లైటు దానిలా కనిపిస్తాయి, కింద మాత్రం రిబ్బన్ ఉండదు. చాలా దుకాణాల్లో హిందీ నడుస్తుంది కాబట్టి సూటిగా అడగండి: "లైట్ కా కేబుల్ అలగ్ హై క్యా?"

బిల్లు తప్పకుండా తీసుకోండి, బిల్లు మీద పార్టు నంబరు రాయించండి. 2014 నాటి 39వ నంబరు వినియోగదారుల రక్షణ చట్టం ఈ దేశంలో ఉంది. కానీ కాగితం లేకుండా చట్టం మన తరఫున మాట్లాడదు. "కీబోర్డ్" అని ఒక్క మాట రాసిన బిల్లుతో పోతే మీరు ఏది అడిగారో, వాళ్లు ఏది ఇచ్చారో తేలదు. నంబరు రాసి ఉంటే తేలుతుంది. సంతలో బిల్లు రాదు కాబట్టి అక్కడ కొనేవాళ్లు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి అక్కడే వెలిగించి చూసుకోవాలి.

బిగించేటప్పుడు

ఛార్జర్ తీసేయండి, మెషీన్ పూర్తిగా ఆపండి, బ్యాటరీ కనెక్షన్ తీయండి. టి480లో బయటి బ్యాటరీతో పాటు లోపల ఇంకోటి ఉంటుంది. దాన్ని ముందుగానే బయాస్‌లో, కాన్ఫిగ్ కింద పవర్‌లో, బిల్టిన్ బ్యాటరీ డిజేబుల్ అనే ఆప్షన్‌తో ఆపొచ్చు.

రిబ్బన్‌ని పట్టుకొని లాగొద్దు. సాకెట్ మీద గోటితో లేపే చిన్న మూత ఉంటుంది. ముందు అది లేపితే రిబ్బన్ దానంతట అదే వదులవుతుంది. కొత్తది తిన్నగా లోపలికి తోసి మూత మూయండి. వంకరగా కూర్చుంటే కొన్ని కీలు పనిచేయవు.

అన్ని స్క్రూలూ బిగించకముందే ఒకసారి ఆన్ చేసి, నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కి చూడండి. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్ఎన్, స్పేస్ కలిపి నొక్కితే లైటు వస్తుంది. చాలా డెల్ లాటిట్యూడ్‌లలో ఎఫ్ఎన్, ఎఫ్10. హెచ్‌పీలో కాంతి బొమ్మ ఉన్న ఎఫ్ కీ. రాకపోతే కంగారు పడకుండా బయాస్ చూడండి. డెల్‌లో కీబోర్డ్ ఇల్యూమినేషన్ అనే సెట్టింగ్ డిజేబుల్‌లో ఉండొచ్చు. అది సరిగ్గా ఉండి కూడా రాకపోతే సన్న రిబ్బన్ మళ్లీ తీసి పెట్టండి.

పడదని తేలితే

బాధపడొద్దు, డబ్బు మిగిలిందని అనుకోండి. యూఎస్‌బీలో పెట్టే వంగే చిన్న లైటు కీబోర్డ్ మీదికి మాత్రమే పడేలా వంచుకోవచ్చు, పక్క మంచం మీద పడుకున్నవాడి కళ్లలో పడదు. లైటున్న యూఎస్‌బీ కీబోర్డ్ విడిగా కొనుక్కోవచ్చు, రేపు ల్యాప్‌టాప్ మారినా అది మీతోనే ఉంటుంది. ఇంటికి పోయేటప్పుడు ల్యాప్‌టాప్ పిల్లలకు ఇచ్చేద్దాం అనుకునేవాళ్లకైతే నేను చెప్పేది ఇదే దారి.

మీది ఏ మోడలో, పడుతుందో లేదో అనుమానం ఉంటే ఆ నాలుగు ఫోటోలు పంపించండి. ఒకటి పంపించి "అన్నా, పడుతుందా" అంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. నాలుగూ పంపితే చెబుతా. అప్పటిదాకా జేబులో డబ్బు జేబులోనే ఉంచండి.